మూత లోపలి తారీఖు

ములకలపల్లిలో సీతయ్య దుకాణానికి బోర్డు లేదు. ఒకప్పుడు ఉండేది. గాలివానకు రేకు ఎగిరిపోయింది, మళ్లీ పెట్టలేదు. వచ్చేవాళ్లు ఎట్లాగూ వస్తున్నారు, బోర్డెందుకు అంటాడు. అసలు సంగతి వేరు. రోడ్డుకు అవతలి పక్క ప్రేమ్‌సాగర్ కంప్యూటర్స్ అని నీలం రంగు అక్షరాల బోర్డు వెలుగుతుంటుంది. దాని ఎదురుగా ఏ బోర్డు పెట్టినా చింతాకంత కూడా కనబడదని సీతయ్యకు తెలుసు.

ఆ బోర్డు కంట పడకూడదని తన బల్లను గోడ వైపు తిప్పుకున్నాడు. రోడ్డుకు వీపు పెట్టి కూర్చుంటాడు. అయినా తప్పించుకోలేకపోయాడు. పాడైన మానిటర్ తెర నల్లగా అద్దంలా ఉంటుంది. ఏ ఊరి నుంచి ఏ మానిటర్ వచ్చినా, బల్ల మీద నిలబెట్టగానే అందులో వెనక ఉన్న బోర్డు తిరగబడి నీలంగా వెలిగేది. ఆ మానిటర్ బాగుపడి సొంత వెలుగు వచ్చేదాకా ఆ నీలం పోదు. సీతయ్య పని అంత జల్దీగా చేస్తాడని జనం మెచ్చుకుంటారు గానీ, అందులో సగం పుణ్యం ఆ బోర్డుదే.

నెల రోజులుగా ఆ బోర్డులో చివరి మూడు అక్షరాలు వెలగడం లేదు. అది చూసినప్పుడల్లా సీతయ్యకు కడుపు చల్లబడేది. చాయ్ తాగడానికి లేచిన ప్రతిసారీ తల తిప్పి చూసుకునేవాడు, ఇంకా ఆరిపోయే ఉన్నాయా అని.

ప్రేమ్‌సాగర్ పరాయివాడు కాదు. సీతయ్య భార్య ప్రసూనకు సొంత తమ్ముడు.

సీతయ్య తండ్రి సారయ్య కొత్తగూడెంలో బొగ్గుబాయి లాంపు రూములో పనిచేశాడు. బాయిలోకి దిగే కార్మికుల నెత్తి దీపాలను చార్జింగు పెట్టి, చూసి ఇవ్వడం ఆయన పని. తాను విప్పి చూసిన దీపానికి మాత్రమే లోపలి పక్క తారీఖు వేసేవాడు. "దీపం ఆరితే లోపల మనిషి గుడ్డోడైతడు బిడ్డా. నమ్మకం లేనిదానికి తారీఖు వెయ్యొద్దు" అనేవాడు. సీతయ్య ఏ బడిలోనూ ఈ పని నేర్చుకోలేదు. పాడైన రేడియోలు విప్పి, కాల్చుకున్న వేళ్లతో నేర్చుకున్నాడు. రేడియోల నుంచి టీవీలు, టీవీల నుంచి మానిటర్లు. కానీ తండ్రి అలవాటు మాత్రం వదల్లేదు. బాగు చేసిన ప్రతి వస్తువుకూ వెనక మూత లోపల మార్కరు పెన్నుతో తారీఖు వేస్తాడు. పని మీద నమ్మకం కుదరకపోతే వెయ్యడు. ఆ సంగతి దుకాణంలో పనిచేసినవాళ్లకు తప్ప ఎవరికీ తెలియదు. పనిచేసినవాడు ప్రేమ్‌సాగర్ ఒక్కడే.

ఇంటర్ తప్పి అక్క ఇంటికి వచ్చిన ప్రేమ్‌సాగర్ ఐదేళ్లు సీతయ్య పక్కన కూర్చున్నాడు. మూతలు విప్పడం, దుమ్ము దులపడం, టంకం పెట్టడం అన్నీ అక్కడే నేర్చుకున్నాడు. ఒకరోజు ఉన్నట్టుండి, "బావా, కొత్త మానిటర్లు కూడ తెచ్చి అమ్ముదమా" అని అడిగాడు.

"అమ్మేటోనికి చేతులెందుకురా, నోరుంటే చాలు" అన్నాడు సీతయ్య.

"నాకు రెండూ ఉన్నయి గద బావా."

"నోరైతే ఉన్నది" అన్నాడు సీతయ్య, తల ఎత్తకుండా.

ఆ తర్వాత నెలకే రోడ్డు అవతల నీలం బోర్డు లేచింది.

అప్పటి నుంచి సీతయ్యకు కంటి మీద కునుకు తగ్గింది. ఎదుటి దుకాణం అద్దాల తలుపు ఎన్నిసార్లు తెరుచుకుంటుందో వీపుతోనే వినేవాడు. పంచాయతీ ఆఫీసులో కొత్త మానిటర్లు ప్రేమ్‌సాగర్ ఇచ్చాడని తెలిసిన రోజు అన్నం సగంలో వదిలేశాడు. ఇంకా మంట పుట్టించేది ఏమిటంటే, ప్రేమ్‌సాగర్ మంచివాడు. పండుగకు బావకు బట్టలు పెడతాడు. రోడ్డు దాటి వచ్చి "బావా, చాయ్ తాగుదం రా" అంటాడు. ప్రసూన ముందు వాడిని ఒక్క మాట అనడానికి సందు దొరకదు.

దసరా సెలవులు అయిపోగానే గుట్టల కింది ఆశ్రమ పాఠశాల నుంచి ఇద్దరికీ ఒకే రోజు కబురు వచ్చింది. అది అడవి ఊళ్ల ఆడపిల్లలు ఉండి చదువుకునే బడి. కొత్తగా వచ్చిన హెడ్మాస్టరమ్మ శారద మధిర వైపు మనిషి. కంప్యూటర్ గది తాళం తీయించి, ఇద్దరినీ లోపలికి పిలిచింది. బల్లల మీద పదహారు మానిటర్లు దుమ్ము కొట్టుకుని వరుసగా ఉన్నాయి.

"మూడేళ్లుగా ఈ గది మూతపడే ఉందట. పిల్లలు మౌస్ పట్టుకోకుండానే పదో తరగతి దాటిపోతున్నారు" అంది ఆమె. "కంప్యూటర్లు నడుస్తున్నాయి, ఇవే వెలగడం లేదు. కొత్తవి ఇప్పిస్తానని ఒక దాత ముందుకొచ్చారు. రిపేరుతో సరిపోతే ఆ సాయంతో బాత్రూములకు తలుపులు పెట్టిస్తాను, సగం వాటికి లేవు. అంచేత నాకు ఒక్క మాట చెప్పండి. రిపేరు చేయించాలా, కొత్తవి కొనాలా?"

ప్రేమ్‌సాగర్ ఒక మానిటర్‌ను నెమ్మదిగా తిప్పి వెనక చీటీ చదివాడు.

"మేడం, ఇవి చాన పాతవి. లోపల సన్నటి గాజు గొట్టాలతోటి వెలుగుతయి. ఆ గొట్టాలు దొరుకుడు కష్టం, వాటి జాగల ఇప్పుడొచ్చే లైటు పట్టీ పెట్టుకోవచ్చు. కరెంటు జర ఎక్కువ తాగుతయి. కొత్తవైతే మూడేండ్ల వారంటీ, ఏమన్న అయితే ఫోన్ కొట్టుండ్రి, నేనే వస్త. అట్లని ఇవన్నీ పారేసేటివి కావు. కొన్ని పనికొస్తయి. ఎన్ని అనేది మూతలు తీస్తే గాని చెప్పలేం."

వాడు చెప్పిన దాంట్లో ఒక్క ముక్క అబద్ధం లేదు. సీతయ్య చెప్పాల్సి వచ్చినా అదే చెప్పేవాడు, ఇంత పొందికగా కాకపోయినా. అందులో సగం మాటలు వాడికి నేర్పింది తానే. కానీ శారద మేడం పుస్తకం తెరిచి ప్రేమ్‌సాగర్ మాటలు రాసుకుంది. "లైటు పట్టీ అంటే ఏంటి" అని అడిగి, వాడు చెప్తుంటే నవ్వుతూ వింది. తర్వాత పుస్తకం మూసేసి, "మీరేమంటారు సీతయ్య గారూ" అంది.

మూసిన ఆ పుస్తకం వైపు చూశాడు సీతయ్య.

"పదహారుకు పదహారు వెలుగుతయి మేడం" అన్నాడు.

"అన్నీనా?"

"అన్నీ. నాలుగు రోజులియ్యుండ్రి. ఒక్కటి వెలగకపోయినా కొత్తవే తెచ్చుకోండ్రి, నేను అడ్డం రాను."

తాళంచెవులు పట్టుకుని గుమ్మంలో నిలబడ్డ వాచ్‌మన్ భీమయ్య మెచ్చుకోలుగా తల ఊపాడు. "సీతయ్య చెయ్యి పడితే చచ్చిన టీవీ కూడ లేచి పాట పాడుతది మేడం. మా ఇంట్లది గట్లనే పాడింది."

బయటకు వచ్చాక ప్రేమ్‌సాగర్ బండి స్టార్ట్ చేయబోయి ఆగాడు.

"బావా, తెరవకుండ పదహారు అనకపోతే మంచిగుండు."

"నీకు తెరవాలె. నాకు అవసరం లేదు."

"సరే మల్ల" అన్నాడు ప్రేమ్‌సాగర్. వాడి గొంతులో ఎగతాళి కోసం వెతికాడు సీతయ్య. దొరకలేదు. అందుకు ఇంకా కోపం వచ్చింది.

పదహారు మానిటర్లూ ట్రాలీ ఆటోలో వచ్చి దుకాణంలో దిగాయి. మొదటి రోజు ఆరు తెరిచాడు. అడవి పక్క ఊళ్ల మానిటర్ తెరిస్తే లోపల ఒక కాపురం ఉంటుంది. ఒకదాంట్లో చీమలు పుట్ట పెట్టాయి. ఇంకోదాంట్లో బల్లి గుడ్ల పెంకులు. కరెంటు బోర్డు మీద కండెన్సర్లు తల పగిలి, పొక్కిన బొబ్బల్లా ఉన్నాయి. ఇది అతనికి చేతికి అలవాటైన పని. అవి పీకి కొత్తవి వేస్తూ పోయాడు. ఆరూ వెలిగాయి. ఆరింటి మూతల లోపల తొమ్మిదేళ్ల కిందటి తన తారీఖే ఉంది. దాని కింద ఇవాళ్టి తారీఖు వేశాడు.

అప్పటి సంగతి గుర్తుంది. బడి పక్క చింతచెట్టు మీద పిడుగు పడి గదిలో మానిటర్లన్నీ పోయాయి. సగం తాను చేసేసరికి విషజ్వరం పట్టుకుంది. పదిహేను రోజులు కొత్తగూడెంలో మంచం మీద ఉండి వచ్చేసరికి మిగతావి కూడా బడికి చేరిపోయాయి. "చిన్న చిన్న రిపేర్లే ఉండె బావా, చేసి పంపిన" అన్నాడు ప్రేమ్‌సాగర్. ఆ ఆగస్టు పదిహేనున అప్పటి హెడ్మాస్టరు సీతయ్యను పిలిచి శాలువా కప్పాడు. ఆ ఫోటో ఇప్పటికీ దుకాణంలో బల్ల పైన ఉంది. ఫోటోలో ఒక మూలన చప్పట్లు కొడుతూ సన్నగా ఒక కుర్రాడు కనబడతాడు, ప్రేమ్‌సాగరే.

రెండో రోజు ఏడూ ఎనిమిదీ అట్లాగే చేసి, తొమ్మిదో మానిటర్ తెరిచాడు. మూత లోపల తారీఖు ఉంది, రాత తనది కాదు. ఏడు అంకెకు నడుమ చిన్న అడ్డగీత. అది ప్రేమ్‌సాగర్ రాత.

కరెంటు బోర్డు బయటకు తీసి బల్బు కిందకు తెచ్చాడు. చిన్న రిపేరు కాదది. పిడుగు దెబ్బకు కాలిపోయిన రాగి దారిని వాడు గోకి, పక్క నుంచి కొత్త తీగ వేసి తిప్పాడు. ఆ తీగ ఎక్కడా వదులుగా లేదు, మూల దగ్గర గుండ్రంగా తిరిగి అంచు వెంట పోయింది. ప్రతి టంకమూ చిన్న గోపురంలా నున్నగా, తొమ్మిదేళ్ల తర్వాత కూడా మెరుస్తోంది. కండెన్సర్లు ఒక్కటి కూడా పొక్కలేదు. సీతయ్య అద్దాలు తుడుచుకుని మళ్లీ చూశాడు. తొందరగా ఇంకోటి తెరిచాడు. మళ్లీ అడ్డగీత ఏడు, మళ్లీ అదే మెరుపు. ఎనిమిదీ తెరిచాడు. ఎనిమిదీ వాడివే.

నిన్న పీకి పడేసిన తన కండెన్సర్లు రేకు డబ్బా మూతలో ఇంకా ఉన్నాయి. ఒకదాన్ని వేళ్లతో తిప్పి చూశాడు. పాత టీవీ బోర్డు నుంచి పీకి దాచుకున్నది అది. సీతయ్య ఏదీ పారేయడు. పీకిన ప్రతి ముక్కా డబ్బాలో వేసి, అక్కర పడితే మళ్లీ వాడతాడు. అది పొదుపు అనుకున్నాడు, పనితనం అనుకున్నాడు. అప్పట్లో ప్రేమ్‌సాగర్ నాలుగు కండెన్సర్ల కోసం బస్సెక్కి ఖమ్మం పోయి వచ్చేవాడు. "పెండ్లికి పోతున్నవా రా, పూటకో బస్సు" అని తాను నవ్వేవాడు. తొమ్మిదేళ్లకు తనవి పొక్కాయి, వాడివి నిలిచాయి.

వాడి నోరు చూసి కుళ్లుకోవడం సీతయ్యకు అలవాటే. వాడి అద్దాల తలుపు, వాడి బోర్డు, వాడి దగ్గరికి పోయే జనం, అన్నిటికీ ఒక సమాధానం ఉండేది మనసులో: వాడికి మాటుంది, నాకు చెయ్యుంది. ఇప్పుడు ఆ చెయ్యి కూడా వాడిదే పైన.

దూది తీసుకుని థిన్నర్‌లో ముంచాడు. చేతిలో ఉన్న మూత మీద రుద్దాడు. ప్రేమ్‌సాగర్ తారీఖు ముందు కరిగింది, తర్వాత నల్లటి మరకై, తర్వాత బూడిద రంగు జాడగా మిగిలింది.

"ఏంది ఆ వాసన" అంటూ ప్రసూన చాయ్ గ్లాసుతో వచ్చింది. ఇల్లు దుకాణం వెనకే.

"దుమ్ము తుడుస్తున్న."

"దుమ్ముకు థిన్నరెందుకు" అంది ఆమె. మూత వైపు చూసింది, మొగుడి మొహం చూసింది. గ్లాసు పెట్టి పోయింది. మిగతా ఏడింటి జోలికి సీతయ్య పోలేదు. ధైర్యం చాల్లేదో, సిగ్గేసిందో అతనికే తెలియదు.

అసలు చిక్కు మూడో రోజు బయటపడింది. ఆ ఎనిమిదింటికీ కరెంటు బోర్డు బాగానే ఉంది; నాలుగింటికి గొట్టాలు పోతే లైటు పట్టీలు పెట్టి తారీఖు వేశాడు, మిగతా నాలుగింటికి పోయింది తెరే. తెర అంచున సన్నటి పట్టీ ఒకటి అతికి ఉంటుంది, బొమ్మ దాని గుండానే తెర మీదకు వస్తుంది. గదికి తాళం పడి, చెమ్మ పట్టి, ఆ అతుకు ఊడింది. తెర నిండా నిలువు గీతలు. దానికి రిపేరు లేదు. తెర మార్చాలి, లేదా మానిటరే మార్చాలి. అంత పాత తెరలు ఎక్కడన్నా ఉంటే ప్రేమ్‌సాగర్ వెనక గదిలో ఉంటాయి. కొత్తది కొన్నవాళ్లు వదిలేసి పోయిన పాతవి అక్కడ గోడెత్తున పేర్చి ఉంటాయి.

రెండుసార్లు రోడ్డు దాకా వెళ్లాడు. అద్దాల తలుపు వెనక ప్రేమ్‌సాగర్ ఎవరికో ఏదో చెప్తున్నాడు, వాళ్లు నవ్వుతున్నారు. సీతయ్య తిరిగి వచ్చాడు.

ఒక ఉపాయం ఉంది. సైకిల్ ట్యూబు ముక్కను మడిచి ఆ పట్టీ వెనక ఇరికిస్తే, దాని ఒత్తిడికి అతుకు కలుస్తుంది, గీతలు మాయమవుతాయి. వారం ఉండొచ్చు, నెల ఉండొచ్చు. ఊరూరు తిరిగే మెకానిక్కులు ఇదే చేసి చేతులు దులుపుకుంటారు. మొదటి ఏడాదిలో ప్రేమ్‌సాగర్ ఒకసారి ఈ పని చేయబోతే సీతయ్య వాడి చేతి మీద కొట్టాడు. "గిది దొంగ రిపేరు. మల్ల చేస్తే దుకాణం ఎక్కకు."

పదహారు అని నోటితో అన్నాడు. పదహారు వెలగాలి. సైకిల్ ట్యూబును నాలుగు ముక్కలు కోశాడు.

నాలుగూ వెలిగాయి. మార్కరు చేతిలోకి తీసుకున్నాడు గానీ ఆ నాలుగు మూతల్లో తారీఖు వేయడానికి చెయ్యి రాలేదు. అట్లాగే మూసేశాడు. వాటిలో ఒకటి, థిన్నర్‌తో తుడిచినదే.

నాలుగో రోజు పొద్దున బడిలో పదహారు తెరలూ వరుసగా వెలిగాయి. ఇద్దరూ ఉండగానే చూస్తానని శారద మేడం ప్రేమ్‌సాగర్‌ను కూడా పిలిపించింది. కిటికీ చువ్వల దగ్గర ఆడపిల్లలు గుంపుగా నిలబడి వాళ్ల భాషలో ఏదో చెప్పుకుని నవ్వుకుంటున్నారు.

"నేను అనుకోలేదు సీతయ్య గారూ" అంది మేడం. ఈసారి పుస్తకం అతని కోసం తెరిచింది. "అయితే ఆ దాతకు తలుపుల సంగతే చెప్తాను. కొత్త మానిటర్లు వద్దని ఇవాళే ఫోన్ చేస్తాను."

"బావ చెయ్యి గట్ల ఉంటది మేడం" అన్నాడు ప్రేమ్‌సాగర్. నిజంగానే అన్నాడు.

సీతయ్యకు ఛాతీ నిండింది. నీలం బోర్డు లేచిన ఈ ఆరేళ్లూ ఆ నిమిషం కోసమే బతికినట్టుంది.

అప్పుడే భీమయ్య, పిల్లల్ని తరగతికి తోలుదామని గది తలుపును గట్టిగా వేశాడు. బల్ల అదిరింది. పదకొండో మానిటర్‌లో నిలువు గీతలు జల్లుమన్నాయి.

"ఇదేంటి?" అంది మేడం.

సీతయ్య కదలకముందే ప్రేమ్‌సాగర్ ముందుకు వంగాడు. "కేబుల్ లూజున్నదేమో చూస్త మేడం" అని జేబులోంచి స్క్రూడ్రైవర్ తీశాడు. మానిటర్ పడుకోబెట్టి మూత విప్పాడు. సీతయ్య గది అవతలి మూల నిలబడి వాడి మెడ వైపే చూస్తున్నాడు. మూత లోపల తారీఖు లేదు. తారీఖు ఉండాల్సిన చోట బూడిద రంగు మరక ఉంది. పట్టీ వెనక సైకిల్ ట్యూబు ముక్క ఉంది. మూడూ వాడు చూశాడు.

తర్వాత బొటనవేలితో ఆ రబ్బరును ఇంకాస్త లోపలికి నెట్టి, మూత పెట్టి, మరలు బిగించాడు. మానిటర్ లేపాడు. గీతలు పోయాయి.

"కేబులే మేడం" అన్నాడు. బావ వైపు చూడలేదు.

వాడు పట్టిచ్చి ఉంటే సీతయ్య అరిచేవాడు, తిట్టేవాడు, వారం రోజులు ఇంట్లో ఎవరితో మాట్లాడకుండా పడుకునేవాడు, తర్వాత మామూలు మనిషి అయ్యేవాడు. వాడు కాపాడాడు. పని వాడిదే మిన్న, మాట వాడిదే మిన్న, ఇప్పుడు మంచితనం కూడానా? ఇంక తనకంటూ ఏం మిగిల్చాడు వీడు? రేపటి నుంచి రోడ్డు అవతల ఆ బోర్డు చూసినప్పుడల్లా, నా పరువు వాడి జేబులో ఉందని గుర్తు చేసుకుంటూ బతకాలి. అది సీతయ్య వల్ల కాదు.

"కేబుల్ కాదు మేడం" అన్నాడు.

"బావా" అన్నాడు ప్రేమ్‌సాగర్ మెల్లగా.

"నువ్వుండు." సీతయ్య వచ్చి ప్రేమ్‌సాగర్ చేతిలోంచి స్క్రూడ్రైవర్ తీసుకుని మానిటర్ మళ్లీ విప్పాడు. రబ్బరు ముక్క లాగి బల్ల మీద పెట్టాడు. తెర గీతలమయం అయింది. "దీని తెర పోయింది. రబ్బరుతోటి నిలబెట్టిన. ఇంకో మూడు గిట్లనే ఉన్నయి. నెలకో రెండు నెలలకో ఆగిపోతయి. నాలుగు కొత్తవి తెచ్చుకోండ్రి."

శారద మేడం మొహంలో నవ్వు పోయింది. "మొదటి రోజే పన్నెండు అని ఉంటే సరిపోయేది కదండీ. నేను ఆయనకు ఫోన్ చేసి వద్దని చెప్పేసి ఉంటే ఈ నాలుగింటి ముందు కూర్చునే పిల్లల గతేంటి?"

"తప్పే మేడం."

"మిగతా పన్నెండు మంచివని నేనెట్లా నమ్మేది?"

సీతయ్య మొదటి మానిటర్ మూత విప్పి ఆమెకు చూపించాడు. ఒకదాని కింద ఒకటి రెండు తారీఖులు.

"నమ్మకం ఉన్నదాని మీదనే వేస్త మేడం. పన్నెండు తెరిచి చూసుకోండ్రి. ఈ నాలుగింటికి నా తారీఖు లేదు."

ఆమె నిజంగానే తెరిపించింది. ఒక్కొక్కటీ వంగి చూసింది. తొమ్మిదో దాని దగ్గర ఆగి, "ఇక్కడ పైన రాత వేరేగా ఉందే" అంది.

సీతయ్య ప్రేమ్‌సాగర్ వైపు చెయ్యి చూపించాడు. "అది వీడిది. అప్పుడు సగం వీడే చేసిండు. పోయిన నాలుగు కూడ వీడు చేసినయే, కాని పోయింది తెర, వీడి పని కాదు. వీడి పని పోలే."

ప్రేమ్‌సాగర్ కిటికీ వైపు తిరిగి నిలబడ్డాడు.

పన్నెండు ఉంచుకోవాలని, నాలుగు కొత్తవి తేవాలని, మిగిలిన సాయంతో తలుపులు పెట్టించాలని మేడం అప్పటికప్పుడే తేల్చేసింది. ఎవరినీ మెచ్చుకోలేదు. సీతయ్యను భోజనానికి ఉండమని కూడా అనలేదు. భీమయ్య మాత్రం గేటు దాకా వచ్చి, "మా టీవీల కూడ రబ్బరే పెట్టినవా సీతయ్య" అని అడిగాడు.

"లేదే. విప్పి చూసుకో, తారీఖు ఉంటది."

"చూస్త" అన్నాడు భీమయ్య. ఆ మాట నాలుగు రోజుల కిందైతే అతను అనేవాడు కాదు.

ప్రేమ్‌సాగర్ బండి వెనక కూర్చుని సీతయ్య తిరుగు దారి పట్టాడు. రెండు పక్కలా టేకు చెట్లు, మధ్య మధ్య పత్తి చేలు. వాగు మీది వంతెన దగ్గర ప్రేమ్‌సాగర్ బండి నెమ్మది చేశాడు.

"నా తారీఖు తుడిచినవు గదా బావా."

"అవ్."

"ఎందుకు?"

సీతయ్య వాగు వైపు చూశాడు. ముందు కూర్చున్నవాడి మొహం కనబడకపోవడం మేలైంది.

"నీ టంకం నాకంటే మంచిగున్నదిరా."

బండి ఆగిపోయింది. ప్రేమ్‌సాగర్ రెండు కాళ్లూ నేల మీద పెట్టి, వెనక్కి తిరగకుండానే అన్నాడు:

"ఐదేండ్లు నీ పక్కన కూసున్న. ఒక్కనాడన్న ఈ మాట అంటవని చూసిన. ఆ జ్వరమప్పుడు రోజంత కూసోని ఆ ఎనిమిది చేసిన, నువ్వొచ్చి మూతలు తీసి చూస్తవని. నువ్వు తియ్యనే లేదు. శాలువ కప్పుకున్నవు. ఈ మాట అప్పుడే అనుంటే నేను రోడ్డు దాటకపోదును బావా."

సీతయ్య ఏదో అనాలి కాబట్టి, "శాలువ నీకు ఇస్తలే" అన్నాడు.

"చెదలు పట్టింది గద అది."

"కొంచెం పట్టింది."

ప్రేమ్‌సాగర్ భుజాలు కదిలాయి. నవ్వుతున్నాడని అర్థమైంది. బండి మళ్లీ కదిలింది.

"పోనీ ఒక పని చెయ్యి" అన్నాడు ప్రేమ్‌సాగర్. "నా బోర్డుల మూడక్షరాలు పోయినయి. కొత్త బోర్డు చెప్పుదమని చూస్తున్న. కొత్తది కొనాల్నా, రిపేరైతదా?"

"తెరిస్తే గాని చెప్పలేం" అన్నాడు సీతయ్య.

మర్నాడు పొద్దున అందరూ చూస్తుండగా సీతయ్య బావమరిది దుకాణం ముందు నిచ్చెన వేసుకుని ఎక్కాడు. ప్రసూన గడపలో నిలబడి చూసింది. అక్షరాల వెనక వాన నీళ్లు దిగి తీగ అతుకు తుప్పు పట్టింది, అంతే. రేకు డబ్బా తెరవలేదు సీతయ్య, తీగ కొత్తదే వేశాడు. టంకం పెడుతూ, మొన్న ప్రేమ్‌సాగర్ పనిలో చూసిన గోపురాల్లా నున్నగా రావాలని చూశాడు. మూడుసార్లు కరిగించి మళ్లీ పెట్టాడు. నాలుగోసారి కాస్త దగ్గరకు వచ్చింది. పూర్తిగా రాలేదు. అయినా పని మీద నమ్మకం ఉంది కాబట్టి, అక్షరం వెనక తారీఖు వేశాడు.

"వెయ్యిరా" అన్నాడు.

స్విచ్ వేయగానే బోర్డు మొత్తం నీలంగా వెలిగింది. నిచ్చెన మీద నుంచి సీతయ్య తల తిప్పి చూశాడు. రోడ్డు అవతల తన దుకాణం చిన్నగా, చీకటిగా ఉంది. బల్ల మీద దమ్మపేట నుంచి వచ్చిన పాడైన మానిటర్ ఒకటి ఎదురుచూస్తోంది. దాని నల్లటి తెరలో తన బావమరిది బోర్డు, ఒక్క అక్షరం కూడా తగ్గకుండా, తిరగబడి మెరుస్తోంది. కడుపులో పాత మంట మళ్లీ రాజుకుంది.

"ఏం బావా, మంచిగున్నదా?" అన్నాడు కింద నుంచి ప్రేమ్‌సాగర్.

"మంచిగనే ఉన్నది" అన్నాడు సీతయ్య దిగుతూ. "పగటిపూటన్న జర బందు పెట్టుకోరాదురా. నాకు పనున్నది."